వలసవచ్చినవాని హక్కు

న్యాయమనగానే సామాన్యునికి న్యాయస్థానము, నల్లకోటు, బోనులో నిలిచిన ముద్దాయి స్ఫురించును. కాని లోకములో ఎక్కువమంది జీవితమంతయు గడపియు న్యాయస్థానపు గడప త్రొక్కరు. వారికి చట్టము ఎదురుపడు చోటు వేరు. అది కార్యాలయపు కిటికీ. కిటికీకి ఇవతల మనిషి, అవతల గుమాస్తా, నడుమ ఒక కాగితము. పుట్టినతేదీ, తండ్రిపేరు, వివాహము, నివాసము, కులము, మరణము మొదలగు పెద్ద సంగతులన్నియు ఆ కాగితముమీది చిన్నచిన్న గళ్ళలో ఇమిడిపోవలెను. ఇమిడినచో హక్కు కలదు, ఇమడనిచో లేదు.

ఈ కిటికీవద్ద నిలిచినవానికి ఒక పాతప్రశ్న క్రొత్తగా తోచును. హక్కు మనిషికి చెందినదా, అతడు నిలిచిన నేలకు చెందినదా? తావు మారినంతమాత్రమున మనిషి మారడు. అతనికి దక్కవలసిన న్యాయము మాత్రము మారవచ్చునా? పుట్టినయూరిలోనే పెరిగి ఆ యూరిలోనే కన్నుమూయువానికి ఈ సందేహము కలుగదు. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినవానికి ఇది నిత్యము ఎదురగు ప్రశ్న.

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూరులో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అను పేట కలదు. ఆ మూడక్షరములు వ్యాగన్ రిపేర్ షాప్ అను పేరునకు సంక్షేపము. సరకుబండ్లను బాగుచేయు కర్మాగారము, దానిని ఆశ్రయించుకొనియున్న రైల్వే క్వార్టర్లు, దసరానాడు రావణదహనము చూచుటకు జనము తరలివచ్చు మైదానము, ఇదియే ఆ పేట స్వరూపము. అచ్చట హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు తెలుగు వినబడుట వింత కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన మార్గమును పార్వతీపురమునుండి కొండలమీదుగా రాయపూరువరకు 1931 నాటికి పూర్తిచేసినది. ఆనాటినుండి ఉత్తరాంధ్రకును ఈ మైదానప్రాంతమునకును నడుమనున్న కొండలు అడ్డుగోడలు కాకుండ పోయినవి. విజయనగరము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు ఆ దారివెంట వచ్చిరి. 1955 మొదలు 2003 వరకు వాల్తేరును రాయపూరును ఒకే ఆగ్నేయ రైల్వేలోనివి. 2003లోగాని వాల్తేరు తూర్పుకోస్తా రైల్వేకును, రాయపూరు బిలాస్‌పూరు కేంద్రముగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకును పోలేదు. కనుక అర్ధశతాబ్దము ఆ ఉద్యోగి దృష్టిలో వాల్తేరునుండి రాయపూరునకు వచ్చుట ఒకే ఇంటిలో ఒక గదినుండి మరియొక గదికి వచ్చుటవంటిది.

కాని ఆ ఇంటి నడుమ గీతలు గీయబడుచునే యుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినవి. మనుష్యులు కదలకున్నను సరిహద్దులు కదలినవి. సరిహద్దు పటముమీద మాత్రమేయుండు గీతయని తలచినవారు దానిని కార్యాలయపు కిటికీవద్ద తొలిసారి తాకిచూచిరి.

ఆ కర్మాగారములోనికి వచ్చు ప్రతి సరకుబండిమీదను పదునొకండంకెల సంఖ్య వ్రాసియుండును. అందు రెండంకెలు బండి తరగతిని, రెండంకెలు అది ఏ రైల్వేకు చెందినదో, మరి రెండంకెలు ఏ సంవత్సరమున తయారైనదో తెలుపును. చక్రము చెడిన బండి వచ్చినప్పుడు ఆ అంకెలు చూచి దాని పుట్టుపూర్వములు తెలిసికొందురు. తెలిసికొని బాగుచేయుదురేకాని, నీవు పరాయిరైల్వేదానవని త్రిప్పిపంపరు. బండి ఎవ్వరిదైనను చెడిన చక్రము చెడిన చక్రమే. మనిషి విషయమున చట్టము ఇట్లే వర్తించునా అనునదే విచారింపదగిన విషయము.

నిత్యజీవితములోని చట్టపు చిక్కులలో అధికభాగము ఊరును బట్టి మారునవి కావు. ఉద్యోగములో చేరిననాడు అవివాహితుడైన యువకుడు భవిష్యనిధి పత్రములో తల్లిపేరు వ్రాయును. తరువాత పెండ్లియగును, బిడ్డలు కలుగుదురు. ఆ పత్రమును మార్చవలెనను ఆలోచన అతనికి రాదు. అకస్మాత్తుగా అతడు మరణించినచో కిటికీవద్ద ఇద్దరు స్త్రీలు నిలుతురు. ఒకరిచేత కాగితము, ఒకరి మెడలో తాళి. అత్తకోడండ్రు ఆ దినమువరకు ఒక్క పొయ్యిమీద వండుకొన్నవారే. ఇట్టి సందర్భమున చట్టము తీర్చినతీరు మెచ్చదగినది. నామినీ సొమ్మును అందుకొను చేయి మాత్రమేయని, దానిపై హక్కు వారసులదని సుప్రీంకోర్టు 1984లో బీమాసొమ్ము విషయమున చెప్పెను. తల్లికిని భార్యకును నడుమ వచ్చిన వివాదములో భవిష్యనిధి విషయమున 2009లో మరల అట్లే చెప్పెను. 1956 నాటి హిందూవారసత్వచట్టము ప్రకారము తల్లి, భార్య, బిడ్డలు అందరును ప్రథమశ్రేణి వారసులే. బీమాచట్టమును మాత్రము 2015లో సవరించి దగ్గరిబంధువులైన నామినీల హక్కును పెంచిరి. ఏమైనను ఈ తీర్పుల వెనుకనున్న భావము స్పష్టము. కాగితము జీవితమునకు సాక్షియేకాని యజమాని కాదు.

అన్నివేళల చట్టము ఇంత ఉదారముగా నుండదు. చదువురాని కార్మికుడు పనిలో చేరిననాడు ఎవ్వరో అతని ముఖము చూచి అంచనాగా ఒక పుట్టినతేదీ వ్రాసియుందురు. ముప్పదియేండ్ల తరువాత, విరమణకు ముందు, అది తప్పని అతడు మొఱపెట్టుకొన్నచో వినరు. ఇన్నాళ్ళు ఊరకుండి ఉద్యోగము చివరిదశలో ఆ తేదీని కదలింపరాదని సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెప్పినది. విరమణ తరువాత క్వార్టరు విడువనివానిని 1971 నాటి చట్టము క్రింద ఖాళీ చేయింతురు. అచ్చటనే అతని బిడ్డలు పుట్టిరి, అచ్చటనే భార్య పోయినది అనునవి ఆ విచారణలో లెక్కకు రావు. ఇవి కఠినములేకాని అన్యాయములు కావు. విడువవలసిన ఇంటికొఱకు మరియొక కార్మికుడు వేచియుండును. తేదీ మార్చుకొన్నవాని వెనుక పదోన్నతికై నిరీక్షించువాడొకడు ఉండును. కఠినమైన నియమము వెనుక కనబడని మరియొక మనిషి ఉన్నప్పుడు ఆ కాఠిన్యమును సహింపవచ్చును. ఈ మాట గుర్తుంచుకొనదగినది. ముందునకు ఇది మరల అక్కరకు వచ్చును.

పైవానిలో రాయపూరువాడైనను విశాఖవాడైనను చట్టము ఒక్కటే. ఊరినిబట్టి చట్టము మారు చోటు కులధ్రువీకరణపత్రము. షెడ్యూల్డు కులముల పట్టిక 1950 ఆగస్టు 10న, తెగల పట్టిక 1950 సెప్టెంబరు 6న రాష్ట్రపతి ఉత్తర్వులుగా వెలువడెను. ఆ పట్టికలు రాష్ట్రమునకొకటిగా ఏర్పడినవి. రాజ్యాంగపు 341, 342 అధికరణములలో ఆయా రాష్ట్రమునకు సంబంధించి అను మాట కలదు. ఆ మాటయే ఈ సమస్యకు మూలము. ఛత్తీస్‌గఢ్‌లో కులపత్రము కోరువాడు షెడ్యూల్డు కులస్థుడైనచో, తెగవాడైనచో ఆ తేదీలనాటికి, ఇతర వెనుకబడిన వర్గమువాడైనచో 1984 డిసెంబరు 26 నాటికి తన కుటుంబము ఆ ప్రాంతమున నివసించుచుండెనని నిరూపింపవలెను. నిరూపణకు సాధారణముగా పాతకాలపు మిసల్ అను భూమిబందోబస్తు కాగితమో, బడిలోని దాఖిల్ ఖారిజ్ పుస్తకములోని నమోదో అడుగుదురు. భూమియున్నవాని తాతపేరు మిసల్‌లో దొరకును. రైల్వే క్వార్టరులో జీవించిన కూలివాని తాతపేరు ఎందులో దొరకును? అతడు బండ్లు బాగుచేసినాడేకాని భూమి కొనలేదు. కావున తేదీకి ముందే వచ్చినవాడుకూడ, వచ్చినట్లు చెప్పు కాగితము లేక, రానివానితో సమానుడగుచున్నాడు.

తేదీ తరువాత వచ్చినవాని సంగతి మరింత స్పష్టము. ఇందులకు ప్రసిద్ధమైన తీర్పు ఒక తెలుగు కుటుంబమునుండియే పుట్టినది. ఆంధ్రప్రదేశములో షెడ్యూల్డు తెగగా గుర్తింపబడిన కుటుంబము అది. తండ్రికి కేంద్రప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగము వచ్చి కుటుంబము బొంబాయి చేరెను. కుమారుడు అచ్చటనే చదివెను. సేఠ్ జి.ఎస్. వైద్యకళాశాలలో తెగలకు కేటాయించిన స్థానము కోరగా, నీ తెగ ఈ రాష్ట్రపు పట్టికకు సంబంధించి గుర్తింపు పొందలేదని నిరాకరించిరి. 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము ఆ నిరాకరణమును సమర్థించెను. 2018 ఆగస్టులో మరియొక ధర్మాసనము ఈ సిద్ధాంతమునే మరల స్థాపించెను.

ఈ తీర్పును నిందించుటకు ముందు దాని బలమును గ్రహింపవలెను. కులమువలన కలుగు హీనత ఆకాశమున వ్రేలాడునది కాదు. ఒక ఊరిలో బావివద్ద, ఒక పొలములో, ఒక గుడివాకిట అది పుట్టును. ఒకే పేరుగల కులము ఒక రాష్ట్రమున అణగిపోయియుండవచ్చును, మరియొకట నిలద్రొక్కుకొనియుండవచ్చును. అంతకంటె ముఖ్యమైన హేతువు మరియొకటి కలదు. ఛత్తీస్‌గఢ్‌లో కేటాయించిన స్థానములు అచ్చటి సత్‌నామీల బిడ్డలకు, అచ్చటి గోండుల బిడ్డలకు చిరకాలము జరిగిన అన్యాయమునకు బదులుగా ఏర్పడినవి. బయటినుండి వచ్చినవారిలో చదువు ముందుగా అంటినవారు ఆ స్థానములను అందుకొన్నచో, అడవిపల్లెలోని బాలుడు మరల వెనుకబడును. ఇందాక చెప్పిన కనబడని మనిషి ఇచ్చటను ఉన్నాడు. అతనిని మరచిన న్యాయచర్చ న్యాయచర్చ కాదు.

అయినను ఈ వాదము అన్ని సందర్భములకును సరిపోదు. తానుగా ఊరు విడిచి, ఉద్యోగములో స్థిరపడి, నాలుగేండ్లలో మరల పోవువాడు వేరు. రాయపూరులో పుట్టి, రాయపూరులో పుట్టిన తండ్రికి బిడ్డయై, హిందీలో చదివి, తాతగారి ఊరును పెండ్లిళ్ళకు మాత్రమే చూచిన బాలిక వేరు. నీ హీనత ఆంధ్రదేశమున ఉన్నది, అచ్చటికే పోయి పరిహారము కోరుమని ఆమెతో చెప్పుదురు. ఆమె అచ్చటికి పోయినచో ఏమగును? 371డి అధికరణము క్రింద 1974లో వెలువడిన విద్యాప్రవేశముల ఉత్తర్వు అచ్చట చదివినవారినే, నివసించినవారినే స్థానికులుగా ఎంచినది; నూటికి ఎనుబదియైదు స్థానములు వారికి కేటాయించినది. ఆమె అచ్చట చదువలేదు. కనుక ఇచ్చట ఆమె పరదేశి, అచ్చట ఆమె స్థానికేతరురాలు. రెండు ఇండ్ల చుట్టము ఉపవాసముండునను సామెత ఆమెయెడ చట్టముచేతనే నిజమగుచున్నది.

మరియొక విచిత్రమును ఇచ్చట తలపవలెను. హిందూకుటుంబము ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు వలసపోయినచో తన వారసత్వధర్మమును వెంట తీసికొనిపోవుననునది ఈ దేశపు న్యాయస్థానములు చిరకాలముగా పాటించిన సూత్రము. రాయపూరు మధ్యపరగణాలలో ఉన్న కాలమున, ఆ పరగణాలకు వలసవచ్చిన ఒక మహారాష్ట్ర కుటుంబపు ఆస్తివివాదమున 1920లో ప్రివీ కౌన్సిలు ఈ సూత్రమునే అనుసరించెను. ఆస్తిని పంచుకొను ధర్మము బండియెక్కి మనిషివెంట వచ్చినది. అవమానమునకు పరిహారము కోరు హక్కు మాత్రము స్టేషనులోనే దిగిపోయినది. ఈ రెండు సూత్రముల క్షేత్రములు వేరని న్యాయవాది చెప్పును, అది నిజమే. కాని నీతిని విచారించువాడు ఇంకొక ప్రశ్న అడుగును. కలవాని ధర్మము ప్రయాణము చేయగలిగినప్పుడు లేనివాని ధర్మమేల చేయలేదు?

దీనికి సమాధానము బహుశః ఇది. స్థలమును నిర్ణయించుట సులభము, స్థితిని నిర్ణయించుట కష్టము. ఒకడు ఫలానా తేదీన ఎక్కడ ఉండెనో కాగితము చెప్పగలదు. అతని కులము వలసతో కరగిపోయినదో, వెంటవచ్చి క్రొత్తయూరి గోడలమధ్యకూడ నిలిచియున్నదో కాగితము చెప్పలేదు. కరగిపోయినచో పరిహారము నిరాకరించుటవలన కీడు లేదు. కరగనిచో నిరాకరించుట అన్యాయము. పరిహారమునకు ఆధారము హీనత. స్థలము దానికి గుర్తు మాత్రమే. సౌకర్యమునకై గుర్తును ఆధారముగా పట్టుకొని, ఆధారమునే మరచుట చట్టములో తరచుగా జరుగు పొరపాటు.

అట్లని ప్రతివాని స్థితిని విడివిడిగా విచారింపవలెననుటయు వివేకము కాదు. లక్షల అర్జీలు వచ్చుచోట విచక్షణ పెరిగినకొలది లంచమును పెరుగును. సామాన్యనియమములో ఒక న్యాయము కలదు. అది అందరిని ఒక్కతీరుగ చూచును. కావున ఒక సామాన్యనియమమునకు బదులు, దానికంటె మేలైన మరియొక సామాన్యనియమమునే కోరవలెను. ఇన్ని తరములు పుట్టి, ఇన్ని ఏండ్లు చదివిన బిడ్డలకు, స్థానికుల వాటాలో కోతపెట్టకుండ, విడిగా కొంత చోటు చూపుట శాసనసభలకు అసాధ్యము కాదు. అది న్యాయమూర్తులు చేయదగిన పని కాదు, ప్రజాప్రతినిధులు చేయదగినది.

అంతవరకు ఆ బాలిక తండ్రి ఏమిచేయవలెను? ఇదియే ఈ విచారమునకు గుండెకాయ. అట్టి తండ్రివద్దకు దళారి యొకడు వచ్చును. తాతగారు 1950కి ముందే ఇచ్చట ఉండెనని చెప్పు కాగితము తెచ్చి ఇత్తునని, ధర ఇంతయని చెప్పును. తండ్రి మనస్సులో ఇట్లు తోచును. కులము అబద్ధము కాదు, పడిన అవమానము అబద్ధము కాదు, బిడ్డ చదువు అబద్ధము కాదు. ఒక్క తేదీ మాత్రమే అబద్ధము. అన్యాయమైన గోడకు చిన్న కన్నము పొడుచుకొనుట దొంగతనమగునా?

ఆ తండ్రిని తేలికగా నిందించువాడు ఆ స్థితిలో లేనివాడు. అయినను సమాధానము మారదు. ఆ కన్నము గోడకు పడదు, మరియొకని ఇంటికి పడును. అబద్ధపు తేదీతో పొందిన స్థానము ఒక నిజమైన బాలునికి రావలసినది. అతని ముఖము తండ్రికి కనబడదు. కనబడకపోవుటచేతనే ఆ పని సులభముగా తోచుచున్నది. రెండవ హేతువు లౌకికమైనది. కులపత్రములను పరిశీలించు సంఘములు 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత రాష్ట్రములలో ఏర్పడినవి. చెల్లని పత్రముతో పొందిన చదువును ఉద్యోగమును, ఎన్నియేండ్లు గడచినను, మోసపు తలంపు లేకున్నను, నిలువవని 2017లో ఆ న్యాయస్థానమే చెప్పెను. తండ్రి కొన్న కాగితపు వెల బిడ్డ తన నలుబదియవ యేట చెల్లింపవలసివచ్చును. ఆ తండ్రి బిడ్డకు స్థానము ఇచ్చినట్లు కాదు. ఆమె జీవితమంతట ఒక భయమును నాటినట్లు.

సత్యము చెప్పువానికి మార్గము బొత్తిగా మూసికొనిపోలేదనియు తెలియవలెను. తండ్రికి స్వరాష్ట్రమున ఇచ్చిన నిజమైన పత్రమును చూపినచో, వలసవచ్చిన రాష్ట్రపు అధికారియే బిడ్డకు పత్రము ఇయ్యవచ్చునని కేంద్ర హోంశాఖ 1982లో సూచనలు పంపెను. అది ఆ రాష్ట్రపు స్థానములకు పనికిరాదు, కేంద్రోద్యోగములకు పనికివచ్చును. రైల్వే కేంద్రప్రభుత్వానిదే. తాతను రాయపూరునకు తెచ్చిన ఉద్యోగపు వాకిలి మనుమరాలికి ఇంకను తెరచియున్నది. ఈ సంగతి తెలియకనే దళారికి సొమ్మిచ్చువారు ఉందురు. చట్టము తెలియదనుట సాకు కాదని న్యాయశాస్త్రము చెప్పును. ఆ మాట న్యాయమగుటకు ఒక నిబంధన కలదు. చట్టమును తెలియజెప్పు బాధ్యతను ఎవ్వరో ఒకరు వహింపవలెను. 39ఏ అధికరణము 1976లో ఆ బాధ్యతను రాజ్యముమీద ఉంచినది. న్యాయసేవల అధికార చట్టము 1987లో చేయబడి 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, కర్మాగారపు కార్మికులకు అది ఉచిత న్యాయసహాయము పొందు హక్కును ఇచ్చినది. వ్యాగన్ షాపులోని కార్మికునికి ఆ హక్కు కలదు. అతడు దానిని ఎరుగుట మాత్రము మిగిలియున్నది.

ఇచ్చట భాష తెలిసినవాని ధర్మము పుట్టుచున్నది. వలసవచ్చినవారి పేటలో రెండు భాషలు చదువగలవాడు ఒకడైనను ఉండును. ఊరినుండి వచ్చిన తెలుగు కాగితమును హిందీలోనికి మార్చువాడు, హిందీ నోటీసును తెలుగులో చదివి చెప్పువాడు అతడే. అతడు మార్చు మాటలలో ఒకరి పింఛను, ఒకరి ఇల్లు, ఒక బిడ్డ చదువు ఉన్నవి. అర్జీలో లేని తేదీని చేర్చుమని దళారియు అతనినే అడుగును. అతడు ఉన్నది ఉన్నట్లు చెప్పినచో ఆ పేటలో చట్టము బ్రతుకును. ఒక్క అంకె మార్చినచో అందరి కాగితములమీదను అనుమానము పడును. అప్పుడు నిజముగా 1950కి ముందు వచ్చిన కూలివాని మనుమనిని సైతము నమ్మువారుండరు.

రాజ్యమునకును ప్రజకును నడుమ ఒక పరస్పరధర్మము కలదు. అబద్ధము చెప్పరాదని రాజ్యము ప్రజను శాసించును, శాసింపవలసినదే. కాని నిజము చెప్పినవానికి ఎటును దారిలేకుండ చేయు నియమమును రాజ్యము చిరకాలము నిలుపరాదు. సత్యమునకు శిక్షయు అసత్యమునకు ఫలమును దొరకుచోట నీతిబోధ ఎవ్వరి చెవికిని ఎక్కదు. వలసవచ్చినవాడు కోరునది దయ కాదు. తన పుట్టుపూర్వములను ఉన్నవున్నట్లు చెప్పి, తలయెత్తుకొని కిటికీవద్ద నిలువగలుగుట అతడు కోరునది. అంకెలు చూచి చెడిన చక్రమును బాగుచేసిపంపు కర్మాగారము ప్రక్కనే అతని ఇల్లు ఉన్నది. ఆ పద్ధతి మనుష్యులయెడల ఏల సాధ్యము కాదని అతడు అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది అతడు కాదు.